ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లలో బ్యాకప్ ఆటగాళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. ఎన్‌ఎఫ్‌ఎల్ దాని 32 జట్ల ప్రొఫెషనల్ లీగ్. మొదటి నుంచి ఆడేవాడు స్టార్టర్, అతడి బదులు దిగడానికి సిద్ధంగా ఉండేవాడు బ్యాకప్. ఎన్‌ఎఫ్‌ఎల్ చూసేవాళ్లకు ఏటా వచ్చే సందేహాల్లో సగం బెంచీ మీద కూర్చున్నవాళ్ల గురించే. ఇంతమంది ఎందుకు, ఆడనివాళ్లకు జీతం దేనికి, స్టార్ పడిపోతే జట్టు గతేమిటి? చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోందని అన్నీ ఒకచోట రాసిపెట్టాను. సీజన్ నడిచే వరుసలోనే ఉన్నాయి. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది.

## ఆగస్టు: జట్టును కూర్చే రోజులు

మైదానంలో ఉండేది 11 మందే కదా, జట్టులో 53 మంది దేనికి?

బంతితో ముందుకు సాగే అఫెన్స్‌కు 11 మంది, వాళ్లను ఆపే డిఫెన్స్‌కు వేరే 11 మంది. వీళ్లు కాక గోల్‌కు తన్నే కిక్కర్, బంతిని దూరంగా తన్ని ఎదుటివాళ్లకు అప్పగించే పంటర్, ఆ తన్నులకు బంతి అందించే లాంగ్ స్నాపర్ కావాలి. అక్కడికే 25 అయింది. మిగిలిన 28 మందీ పెద్ద సంఖ్యలా కనిపిస్తారు గానీ, పంచి చూస్తే చాలవు. బంతి విసిరేవాణ్ణి కాపాడే అఫెన్సివ్ లైన్‌లో (మధ్యలో సెంటర్, అతడి ఇరుపక్కలా గార్డ్‌లు, చివర్లలో టాకిల్స్) ఆడే ఐదుగురి వెనక సాధారణంగా నలుగురే ఉంటారు. డిఫెన్సివ్ లైన్ వాళ్లు అలసిపోకుండా మారుతూ ఆడాలి కాబట్టి అక్కడ ఎనిమిది, తొమ్మిది మందిని ఉంచుతారు. ఇలా పంచుకుంటూ పోతే కొన్నిచోట్ల ఇద్దరు స్టార్టర్లకు కలిపి ఒక్కడే బ్యాకప్ మిగులుతాడు. 2021 నుంచి ప్రతి జట్టూ 18 వారాల్లో 17 ఆటలు ఆడుతోంది. ప్రతి స్నాప్‌కూ (బంతి వెనక్కి అందించి మొదలుపెట్టే ఒక్కో ఎత్తుకూ) ఒళ్లు ఒళ్లు ఢీకొనే ఆట ఇది. మొదటి వారంలో దిగిన 22 మందే చివరి వారంలోనూ దిగడమన్నది దాదాపు జరగదు.

క్యాంప్‌లో అంత బాగా ఆడినవాణ్ణి ఎందుకు తీసేశారు?

శిక్షణ శిబిరంలో 90 మంది దాకా ఉంటారు. మూడు ప్రీసీజన్ ఆటలయ్యాక, ఆగస్టు చివర్లో ఆ సంఖ్యను 53కు దించాలి. మొదటి 40 పేర్లు కోచ్‌లకు ముందే తెలుసు. పోటీ అంతా చివరి పది పన్నెండు చోట్ల కోసమే, అక్కడ కొలత మారిపోతుంది. ఐదో రిసీవర్ (పాస్ పట్టేవాడు) ఎంత చక్కగా బంతి పట్టినా, పంట్ తన్నాక పరుగెత్తి, బంతి పట్టినవాణ్ణి పడగొట్టలేకపోతే ఆ చోటు వేరేవాడికి పోతుంది. సెంటర్‌గానూ గార్డ్‌గానూ ఆడగలిగినవాడు, గార్డ్‌గా మాత్రమే కొంచెం మెరుగ్గా ఆడేవాడి కంటే విలువైనవాడు.

దీనికి తోడు వేవర్స్ లెక్క ఒకటుంది. నాలుగు సీజన్లు పూర్తికాని ఆటగాణ్ణి వదిలేస్తే మిగతా 31 జట్లలో ఏదైనా ఎత్తుకుపోవచ్చు. ఆగస్టులో నాలుగు సీజన్లు దాటినవాణ్ణి వదిలితే అతడు స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు, చాలాసార్లు రెండు రోజుల్లో అదే జట్టుకు తిరిగొస్తాడు. అందుకే జట్లు సీనియర్‌ను తాత్కాలికంగా పంపేసి, పోగొట్టుకుంటామేమో అనిపించిన కుర్రాణ్ణి దాచుకుంటాయి. ఆ రోజు జాబితా చూసి వెంటనే కోపం తెచ్చుకోకండి, రెండు రోజులు ఆగి చూడండి.

మంచి బ్యాకప్‌లను డబ్బిచ్చి తెచ్చుకోవచ్చు కదా?

యజమాని ఎంత ధనవంతుడైనా కుదరదు, ఆటగాళ్ల మొత్తం జీతాలకు శాలరీ క్యాప్ అనే పరిమితి ఉంది. 2025లో ఒక్కో జట్టుకు ఆ పరిమితి 27.92 కోట్ల డాలర్లు. అగ్రశ్రేణి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ అఫెన్స్‌ను నడిపేవాడు) ఒక్కడి ఒప్పందమే ఏడాదికి సగటున 5 కోట్ల డాలర్లు దాటుతోంది. క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే ఎడ్జ్ రషర్‌కు, లెఫ్ట్ టాకిల్‌కు, రిసీవర్‌కు ఇచ్చేసరికి మిగిలేది తక్కువ. జాబితా అడుగున ఉన్నవాళ్లలో చాలామంది కనీస వేతనం మీదే ఆడతారు. 2025లో కొత్త ఆటగాడికి అది 8.4 లక్షల డాలర్లు. అనుభవం ఉన్నవాడి కనీస వేతనం అంతకంటే ఎక్కువ. అందువల్ల జట్లు సీనియర్లను పక్కన పెట్టేస్తాయేమోనని, ఏడాది ఒప్పందం మీద కనీస వేతనానికి వచ్చే సీనియర్‌కు క్యాప్‌లో రాయితీ పెట్టారు.

అంటే బెంచీని నింపేది ప్రధానంగా డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) చివరి రౌండ్లు, ఎవరూ ఎంచుకోని కుర్రాళ్లు. తర్వాత పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లూ అలా వచ్చినవాళ్లే: టామ్ బ్రేడీ 2000లో 199వ ఎంపిక. బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరివాడు, 262వ ఎంపిక. కర్ట్ వార్నర్‌ను ఎవరూ ఎంచుకోనేలేదు. ఒక జట్టు వరసగా రెండేళ్లు డ్రాఫ్ట్‌లో తప్పటడుగు వేస్తే ఆ లోటు మొదట స్టార్టర్లలో కాదు, వాళ్ల వెనకున్న వరసలో బయటపడుతుందని నా గట్టి నమ్మకం. అక్టోబరు దాకా అది ఎవరి కంటికీ కనబడదు, అంతే తేడా.

ప్రాక్టీస్ స్క్వాడ్ అంటే రిజర్వు జట్టా?

పూర్తిగా కాదు. 53 మందికి అదనంగా 16 మందిని ఇలా ఉంచుకోవచ్చు. 2025లో కుర్రాళ్లకు వారానికి కనీసం 13,000 డాలర్లు. వాళ్లతోనే ప్రాక్టీసు, మీటింగులు అన్నీ. ఆట రోజుకు ఇద్దరిని పైకి తీసుకోవచ్చు, కానీ ఒక్కో ఆటగాణ్ణి సీజన్‌లో మూడుసార్లే. ఆ తర్వాత కావాలంటే 53లో చోటివ్వాలి. ఇంకో జట్టు వచ్చి, మా 53లో చోటిస్తామంటే అతడు వెళ్లిపోవచ్చు. కాబట్టి ఇది జట్టు సొంతం అనుకుని నిశ్చింతగా ఉండే సరుకు కాదు.

డెప్త్ చార్ట్‌లో (ఒక్కో చోటుకు ఆటగాళ్ల వరస చూపే జాబితాలో) రెండో పేరు ఎవరిదో, తర్వాత ఆడేది అతడేనా?

క్వార్టర్‌బ్యాక్ దగ్గర అవును. లైన్ దగ్గర తరచూ కాదు. లెఫ్ట్ టాకిల్ పడిపోతే కోచ్ చూసేది అతడి పేరు కిందున్న పేరును కాదు, మిగిలినవాళ్లలో మెరుగైన ఐదుగురు ఎవరన్నది. రైట్ టాకిల్‌ను ఎడమకు జరిపి, గార్డ్‌ను బయటికి తెచ్చి, కొత్తవాణ్ణి లోపల పెట్టడం మామూలే. రెండు వైపులా ఆడగల స్వింగ్ టాకిల్ ఉన్న జట్టు అదృష్టవంతురాలు.

## వారం మధ్యలో: ప్రాక్టీసు

ఆడనప్పుడు బ్యాకప్‌లు వారమంతా ఏం చేస్తారు?

రాబోయే ప్రత్యర్థిలా నటిస్తారు. దీన్ని స్కౌట్ టీమ్ అంటారు. ఎదుటి జట్టు ఏ ఫార్మేషన్‌లో నిలబడుతుందో, రిసీవర్లు ఏ రూట్లలో (దారుల్లో) పరుగెత్తుతారో కార్డుల మీద గీసి ఇస్తే, వీళ్లు వాటిని స్టార్టర్ల ముందు ఆడి చూపిస్తారు. స్కౌట్ టీమ్ నీరసంగా ఆడితే స్టార్టర్లు ఆదివారం నాడు తొలిసారి అసలు వేగాన్ని చూస్తారు, అప్పటికి ఆలస్యమైపోతుంది.

దీని విలువ తెలియాలంటే 2015 ఫిబ్రవరి 1న జరిగిన సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గుర్తు చేసుకోవాలి. ప్యాట్రియట్స్ జట్టు కార్నర్‌బ్యాక్ (రిసీవర్లను అడ్డుకునేవాడు) మాల్కమ్ బట్లర్ ఎవరూ డ్రాఫ్ట్ చేయని కొత్త కుర్రాడు, స్టార్టర్ కాదు. ఆ వారం ప్రాక్టీసులో స్కౌట్ టీమ్ ప్రత్యర్థి సీహాక్స్ గోల్‌లైన్ దగ్గర ఆడే ఎత్తును ఆడి చూపినప్పుడు బట్లర్ ఒక అడుగు వెనకబడి టచ్‌డౌన్ (గోల్‌లైన్ దాటి చేసే స్కోరు) ఇచ్చేశాడు. అసలు ఆటలో, అర నిమిషం కూడా మిగలని వేళ, సీహాక్స్ ఒక్క గజం దూరంలో ఉండగా మళ్లీ అదే వరస కనిపించింది. ఈసారి బట్లర్ రిసీవర్ కంటే ముందు పరుగెత్తి బంతిని లాక్కున్నాడు. ప్యాట్రియట్స్ 28-24తో గెలిచారు. ఆ ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్ల పాస్‌ను పట్టేయడం) వెనక బట్లర్ ఒక్కడే లేడు. ప్రాక్టీసులో అతణ్ణి ఓడించిన బెంచీ ఆటగాళ్లు కూడా ఉన్నారు.

బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌కు ప్రాక్టీసే దొరకదంటారు, నిజమేనా?

దాదాపు నిజం. మొదటి జట్టుతో స్నాపులన్నీ ఇంచుమించు స్టార్టర్‌కే పోతాయి. బ్యాకప్ వీడియో చూసి, మీటింగుల్లో విని, స్కౌట్ టీమ్ తరఫున ప్రత్యర్థి ఆటలు ఆడుతూ తన జట్టు ఆటను మనసులోనే నేర్చుకుంటాడు. అందుకే ఆట మధ్యలో దిగిన బ్యాకప్‌ను చూసి తీర్పు చెప్పేయడం అన్యాయం. మరుసటి వారం, తనకు తగ్గ గేమ్‌ప్లాన్‌తో మొదటి నుంచి దిగినప్పుడే అతడేమిటో తెలుస్తుంది.

2017 ఈగల్స్ కథ దీనికి చక్కటి ఉదాహరణ. డిసెంబరు 10న స్టార్టర్ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలి లిగమెంట్ తెగింది. బ్యాకప్ నిక్ ఫోల్స్ వచ్చిన కొత్తలో తడబడ్డాడు. ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివరి నాకౌట్ ఆటలకు) ముందు దొరికిన విరామంలో కోచ్‌లు ప్లాన్‌ను తిరగరాసి, పరుగో పాసో అప్పటికప్పుడు నిర్ణయించే ఆటలు పెంచి, ఫోల్స్‌కు అలవాటైనవి ముందుకు తెచ్చారు. హెడ్ కోచ్ డగ్ పెడర్సన్ ఒకప్పుడు బ్రెట్ ఫావ్ర్‌కు బ్యాకప్. అఫెన్స్ కోఆర్డినేటర్ ఫ్రాంక్ రైక్ జిమ్ కెల్లీకి బ్యాకప్. 1993 జనవరిలో బిల్స్ 3-35తో వెనకబడిన ప్లేఆఫ్ ఆటను 41-38గా గెలిపించింది ఆ రైక్ చేతులే. బెంచీ మీద కూర్చున్నవాడికి ఏం కావాలో ఆ ఇద్దరికీ తెలుసు. సూపర్ బౌల్‌లో ఫోల్స్ 373 గజాలు విసిరాడు, మూడు టచ్‌డౌన్ పాసులిచ్చాడు, ఒకటి తానే పట్టుకున్నాడు. ఈగల్స్ 41, ప్యాట్రియట్స్ 33. మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ ఫోల్స్.

## ఆట రోజు

53 మందీ ఉంటే ఆదివారం కొందరు మామూలు బట్టల్లో ఎందుకు కనిపిస్తారు?

ఆట రోజు డ్రెస్ వేసుకునేది గరిష్ఠంగా 48 మంది. అందులో కనీసం ఎనిమిది మంది అఫెన్సివ్ లైన్ వాళ్లు ఉంటేనే 48, లేకపోతే 47. గాయాలు ఎక్కువగా ఉన్న జట్టూ తక్కువగా ఉన్న జట్టూ ఇంచుమించు సమాన సంఖ్యతో దిగాలని ఈ పద్ధతి.

స్టార్లు ఆరోగ్యంగా ఉంటే బ్యాకప్‌లకు పనే ఉండదా?

కిక్‌ఆఫ్, పంట్, ఫీల్డ్ గోల్... బంతిని తన్నే ఈ స్పెషల్ టీమ్స్ ఆటల్లో పరుగెత్తేది ఎక్కువగా వాళ్లే. ప్యాట్రియట్స్ ఆటగాడు మాథ్యూ స్లేటర్ కాగితం మీద రిసీవర్, కెరీర్ మొత్తంలో పట్టిన పాస్ ఒక్కటి. ప్రో బౌల్‌కు (ఏటా మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవానికి) ఎంపికైంది పదిసార్లు, అంతా స్పెషల్ టీమ్స్‌లో చేసిన పనికే.

కిక్కర్‌కు బ్యాకప్ ఉండడా?

ఉండడు. ఒక్క చోటును దానికోసం ఖర్చుపెట్టడం ఏ జట్టూ భరించలేదు. 2022 సెప్టెంబరులో చీఫ్స్ కిక్కర్ హారిసన్ బట్కర్ చీలమండ బెణికితే, సేఫ్టీగా (డిఫెన్స్‌లో అందరికంటే వెనక) ఆడే జస్టిన్ రీడ్ వచ్చి, టచ్‌డౌన్ తర్వాత తన్నే ఎక్స్‌ట్రా పాయింట్ కొట్టాడు.

అఫెన్సివ్ లైన్‌లో ఒకరిద్దరు లేకపోతే అంత తేడా వస్తుందా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు 2021 ఫిబ్రవరి 7 నాటి సూపర్ బౌల్ చూడమంటాను. చీఫ్స్ రైట్ టాకిల్ మిచెల్ ష్వార్ట్జ్ వెన్నునొప్పితో అక్టోబరు నుంచే లేడు. లెఫ్ట్ టాకిల్ ఎరిక్ ఫిషర్ మడమ పైని అకిలిస్ నరం సరిగ్గా ముందు ఆటలో తెగింది. దాంతో కుడివైపు ఆడుతున్న మైక్ రెమర్స్‌ను ఎడమకు, గార్డ్ ఆండ్రూ వైలీని కుడి టాకిల్‌కు మార్చారు. గాయపడింది ఇద్దరే, కానీ చోట్లు మారినవాళ్లు అంతకంటే ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఆ రాత్రంతా వెనక్కీ పక్కకీ పరుగెత్తుతూనే ఉన్నాడు. అంతటి అఫెన్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. బక్కనీర్స్ 31-9తో గెలిచారు.

రిసీవర్ గాయపడితే ఒక రూట్ పోతుంది. టాకిల్ బలహీనపడితే క్వార్టర్‌బ్యాక్‌కు దొరికే సమయమే పోతుంది, రిసీవర్లు ఎంత గొప్పవాళ్లయినా వాళ్లు డిఫెండర్ల నుంచి విడిపడేలోపే ఆట ముగిసిపోతుంది. చీఫ్స్‌కు పాఠం బాగానే అందింది. తర్వాతి సీజన్ మొదటి ఆటలో లైన్‌లోని ఐదుగురూ కొత్తవాళ్లే. 2023 ఫిబ్రవరిలో కప్పు మళ్లీ వాళ్ల చేతికొచ్చింది.

అత్యవసర మూడో క్వార్టర్‌బ్యాక్ నియమం ఎందుకొచ్చింది?

2023 జనవరి 29న ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్, అంటే సూపర్ బౌల్‌కు ముందు మెట్టు. ఫోర్టీనైనర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీకి బంతి తమ చేతికొచ్చిన మొదటిసారే మోచేతి లిగమెంట్ తెగింది. బదులొచ్చిన జాష్ జాన్సన్ తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్లాడు. డ్రెస్ వేసుకున్న మూడోవాడు లేడు. బంతిని దూరం విసరలేని పర్డీనే మళ్లీ నిలబెట్టారు. ఈగల్స్ 31-7తో గెలిచారు. ఏడాది కష్టం అలా ఆవిరవడం చూసినవాళ్లు ఎవరూ దాన్ని ఆటగా ఒప్పుకోలేదు. ఆ మే నెలలోనే నియమం వచ్చింది. మూడో క్వార్టర్‌బ్యాక్‌ను ఆట రోజు సంఖ్యలో లెక్కపెట్టకుండా సిద్ధంగా ఉంచుకోవచ్చు. అయితే మొదటి ఇద్దరూ గాయంతోనో, బహిష్కరణతోనో బయటికి పోతేనే అతడు దిగాలి. కోచ్‌కు నచ్చలేదని మార్చడానికి వీల్లేదు.

ఒక జట్టుకు క్వార్టర్‌బ్యాకే లేకుండా ఆడాల్సి వచ్చిందా?

వచ్చింది. 2020 నవంబరు 29న కోవిడ్ నిబంధనల వల్ల డెన్వర్ బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్‌లు అందరూ ఆటకు దూరమయ్యారు. ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్న రిసీవర్ కెండల్ హింటన్, కాలేజీలో కొంతకాలం క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినవాడు కాబట్టి, సెయింట్స్ మీద దిగాల్సొచ్చింది. తొమ్మిది పాసుల్లో ఒక్కటి చేరింది, 13 గజాలు, రెండు ఇంటర్‌సెప్షన్లు. బ్రాంకోస్ 3-31తో ఓడారు. ఆ అంకెలు చూసి నవ్వినవాళ్లున్నారు. ప్రాక్టీసు లేకుండా అంతటి డిఫెన్స్ ముందు నిలబడ్డవాడి ధైర్యం చూసి నాకు మాత్రం గౌరవమే కలిగింది.

## సీజన్ సాగుతుండగా

ఇంజర్డ్ రిజర్వ్‌లో (గాయపడ్డవాళ్ల పక్క జాబితాలో) పెట్టారంటే సీజన్ అయిపోయినట్టేనా?

కాదు. కనీసం నాలుగు ఆటలు దూరంగా ఉండాలి, తర్వాత తిరిగి రావచ్చు. రెగ్యులర్ సీజన్‌లో ఒక జట్టు ఇలా వెనక్కి తెచ్చుకోగలిగేది ఎనిమిది మందినే కాబట్టి ఎవరిని ఎప్పుడు పెట్టాలన్నది ఆచితూచి తేలుస్తారు.

గాయమైన వెంటనే బయటి నుంచి ఒక మంచివాణ్ణి తెచ్చుకోవచ్చు కదా?

అప్పుడప్పుడూ కుదురుతుంది. 2023లో బ్రౌన్స్ ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లను స్టార్టర్లుగా దింపాల్సొచ్చింది. నవంబరులో ఏ జట్టూ లేకుండా ఇంట్లో ఉన్న 38 ఏళ్ల జో ఫ్లాకోను పిలిచారు. అతడు ఐదు ఆటల్లో నాలుగు గెలిపించి జట్టును ప్లేఆఫ్స్‌కు చేర్చాడు. అందరికీ సాగే దారి కాదిది. ప్రతి జట్టుకూ ఏ ఎత్తు ఆడాలో చెప్పే సొంత భాష ఉంటుంది. లైన్‌మన్ అయినా సేఫ్టీ అయినా ఆ భాష రాకుండా వస్తే బలం ఉండి కూడా అర సెకను ఆలస్యంగా కదులుతాడు. ఆగస్టు నుంచి మీటింగుల్లో కూర్చున్న బ్యాకప్‌కు ఉన్న ఆధిక్యం అదే.

మొదటి క్వార్టర్‌బ్యాక్ పోతే సీజన్ పోయినట్టేనా?

జట్టు మిగతా భాగం ఎలా ఉందన్నదే దీనికి జవాబు. రెండు జట్లను పక్కపక్కన పెట్టి చూడండి. 2008లో ప్యాట్రియట్స్ మొదటి ఆటలోనే బ్రేడీ మోకాలి గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు. వచ్చిన మ్యాట్ కాసెల్ కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఒక్క ఆటా మొదటి నుంచి ఆడినవాడు కాదు. అయినా జట్టు 11-5తో (11 గెలుపులు, 5 ఓటములు) ముగించింది. 2011లో కోల్ట్స్‌కు మెడ శస్త్రచికిత్స వల్ల క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ సీజనంతా లేడు. అంతకుముందు ఏడాది 10-6గా ఉన్న జట్టు 2-14కు పడిపోయింది. ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లను మార్చి చూశారు, ఫలితం లేదు. మానింగ్ తన తెలివితో, వేగంతో ఏళ్లపాటు కప్పిపెట్టిన లోటుపాట్లన్నీ అతడు లేనప్పుడు ఒక్కసారిగా బయటపడ్డాయి.

బ్యాకప్‌ను ముందుచూపుతో ఎంచుకున్న కథ వినాలంటే 1972 డాల్ఫిన్స్ దగ్గరికి వెళ్లాలి. కోచ్ డాన్ షూలా, బాల్టిమోర్‌లో తన దగ్గర ఆడిన ఎర్ల్ మోరల్‌ను 100 డాలర్ల వేవర్ రుసుముతో తెచ్చుకున్నాడు. ఆ సీజన్‌లో అతడి వయసు 38. ఐదో ఆటలో స్టార్టర్ బాబ్ గ్రీసీ కాలు విరిగితే మోరల్ వచ్చాడు, తొమ్మిది రెగ్యులర్ సీజన్ ఆటల్లో స్టార్టర్‌గా దిగి తొమ్మిదీ గెలిపించాడు. ఆ సీజన్ 17-0. ఓటమి లేకుండా సూపర్ బౌల్ దాకా వెళ్లి గెలిచిన జట్టు ఇప్పటికీ అదొక్కటే.

## జనవరి: ప్లేఆఫ్స్

డెప్త్ (మంచి బ్యాకప్‌ల బలం) ఉన్న జట్టుకు గెలుపు ఖాయమా?

ఖాయం కాదు, దానికీ ఒక హద్దు ఉంది. 2010 ప్యాకర్స్ పదిహేను మంది ఇంజర్డ్ రిజర్వ్‌లో ఉండగా ఆరో సీడ్‌గా వచ్చి సూపర్ బౌల్ గెలిచారు. ఆ ఆటలోనే రెండో క్వార్టర్‌లో డిఫెన్స్ స్టార్ చార్ల్స్ వుడ్సన్ కాలర్‌బోన్ విరిగింది, అయినా 31-25తో స్టీలర్స్‌ను ఆపారు. 2024 లయన్స్ డిఫెన్స్‌కు అంతకు తగ్గని కష్టాలు వచ్చాయి. అక్టోబరులో ఏడన్ హచిన్సన్ కాలు విరిగింది, తర్వాత ఒకరి వెనక ఒకరు పోతూనే ఉన్నారు. బ్యాకప్‌ల సాయంతో 15-2 దాకా వచ్చారు. ప్లేఆఫ్స్‌లో మాత్రం కమాండర్స్ వాళ్ల మీద 45 పాయింట్లు చేసి పంపించారు. మూడోవాడు, నాలుగోవాడు సీజన్‌ను నడిపించగలరు. గొప్ప అఫెన్స్‌ను మూడు గంటలు ఆపడం వేరే పని.

బ్యాకప్ బాగా ఆడుతుంటే, కోలుకున్న స్టార్‌కు చోటు తిరిగివ్వాలా?

ఒకటే జవాబు లేదు. షూలా ఫైనల్‌కు గ్రీసీనే నమ్మాడు, గెలిచాడు. 2001 సెప్టెంబరు 23న ప్యాట్రియట్స్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్లెడ్సో గాయపడి బ్రేడీ వచ్చాక, బ్లెడ్సో కోలుకున్నా కోచ్ బిల్ బెలిచిక్ చోటు తిరిగివ్వలేదు. బ్లెడ్సో బాధను దాచుకోలేదు గానీ ప్రాక్టీసు మానలేదు. ఏఎఫ్‌సీ ఫైనల్‌లో (ఇదీ సూపర్ బౌల్‌కు ముందు మెట్టే) బ్రేడీ కాలికి దెబ్బ తగిలితే, నాలుగు నెలలుగా ఆడని బ్లెడ్సో దిగి టచ్‌డౌన్ పాస్ ఇచ్చాడు. స్టీలర్స్ మీద 24-17. మరుసటి వారం సూపర్ బౌల్‌కు మళ్లీ బ్రేడీయే. ఆ ఏడాది కప్పులో బ్లెడ్సో వాటాను చాలామంది మరిచిపోతారు.

నా జట్టుకు డెప్త్ ఉందో లేదో నేనెలా చూడాలి?

బుధవారం నుంచి శుక్రవారం దాకా వచ్చే ఇంజరీ రిపోర్టులో ప్రాక్టీసుకు ఎవరు రాలేదో చూడండి. ఆటకు 90 నిమిషాల ముందు ఇనాక్టివ్స్ (ఆ రోజు ఆడనివాళ్ల) జాబితా వస్తుంది, అందులో లైన్ వాళ్లెవరో వెతకండి. ఆట మొదలయ్యాక ఒక పది స్నాపులు బంతిని వదిలేసి, కొత్తగా దిగిన టాకిల్‌ను మాత్రమే గమనించండి. అతడి పక్కన సాయానికి టైట్ ఎండ్‌నో రన్నింగ్ బ్యాక్‌నో ప్రతిసారీ నిలబెడుతున్నారంటే, ఆ ఒక్క చోటు కోసం జట్టు ఇంకో ఆటగాణ్ణి కూడా ఖర్చుపెడుతోందన్నమాట.